ఆర్థిక చింత - పనితీరు

ఆర్థిక చింత అంటే చేతిలో ఉన్న డబ్బు తక్షణ అవసరాలకు చాలదేమో, తీర్చవలసిన బాకీని గడువులోగా తీర్చలేమేమో అని మనసులో ఎడతెగకుండా సాగే ఆలోచన. ఈ ఆలోచన మనిషి ధ్యాసను ఆక్రమించి, అతడు చేస్తున్న పని వేగాన్ని, నాణ్యతను తగ్గిస్తుందా అనే విషయంపై అర్థశాస్త్రవేత్తలు, మనస్తత్వ శాస్త్రవేత్తలు 2010 దశకం నుండి విస్తృతంగా పరిశోధనలు జరిపారు. వాటిలో ముఖ్యమైనవి రెండు తెలుగు ప్రాంతాలకు ఇరుగుపొరుగున ఉన్న తమిళనాడు, ఒడిశా రాష్ట్రాలలో జరిగాయి. మొదటిది చెరకు రైతులపైన, రెండవది విస్తరాకులు కుట్టే కూలీలపైన.

భావన

పేదరికము, ఆర్థిక చింత ఒకటి కావు. పేదరికం ఆదాయానికి సంబంధించినది. ఆర్థిక చింత చాలావరకు డబ్బు చేతికి వచ్చే కాలానికి, అది పోవలసిన కాలానికి మధ్య ఉన్న ఎడానికి సంబంధించినది. ఏడాదికి ఒకసారి పంట డబ్బు చూసే రైతు ఆ సంవత్సరం మొత్తం మీద నష్టపోకపోయినా, కోతకు ముందు రెండు మూడు నెలలు బంగారం కుదువపెట్టి, చేబదుళ్ళు తెచ్చి గడపవలసి రావచ్చు. నెల జీతగాడికి ఇరవయ్యో తేదీ దాటిన తరువాత ఎదురయ్యే పరిస్థితి కూడా చిన్న పరిమాణంలో ఇటువంటిదే.

చింత పనిని చెరపడానికి మార్గాలు అనేకం. అప్పు కోసం తిరగడంలో పని గంటలు పోతాయి, రాత్రి నిద్ర తగ్గుతుంది, తిండి తగ్గితే ఒంట్లో సత్తువ తగ్గుతుంది. ఇవి అందరికీ తెలిసినవే. పరిశోధకులు ప్రత్యేకంగా పరిశీలించినది వీటికి భిన్నమైన మరొక మార్గాన్ని. మనిషి పని దగ్గరే ఉంటాడు, చేతులు ఆడుతూనే ఉంటాయి, కానీ ధ్యాసలో కొంత భాగం వేరే లెక్కలో ఉండిపోతుంది. సెంధిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్ అనే శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన 'స్కేర్సిటీ' అనే గ్రంథంలో ఈ ధ్యాస పరిమితిని 'బ్యాండ్‌విడ్త్' అనే మాటతో సూచించారు. వీరిలో ముల్లైనాథన్ తమిళనాడులో పుట్టి బాల్యంలోనే అమెరికా వెళ్ళిన అర్థశాస్త్రవేత్త. షఫీర్ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త.

తెలుగువారికి ఈ భావన కొత్త కాదు. అవధానం అనే మాటకు అర్థమే ఏకాగ్రత. అష్టావధానంలో పద్యం అల్లుతున్న అవధానిని చికాకు పరచడానికి ఒక పృచ్ఛకుడు మధ్యమధ్య గంట కొడుతూ ఉంటాడు. ఎన్ని గంటలు కొట్టారో అవధాని చివర చెప్పాలి. లెక్కించడం కష్టమైన పని కాదు. పద్యం నడుస్తుండగా ఆ లెక్కను వదలకుండా మనసులో నిలుపుకోవడమే కష్టం. ఏళ్ళ తరబడి సాధన చేసినవారికే అది సాధ్యం. వడ్డీ గడువు దగ్గర పడుతున్న మనిషి ఏ సాధనా లేకుండానే రోజంతా అటువంటి లెక్కను మోస్తూ పని చేస్తాడు.

చెరకు రైతులపై పరిశోధన

ఆనంది మణి, ముల్లైనాథన్, షఫీర్, జియాయింగ్ ఝావో అనే నలుగురు జరిపిన పరిశోధన 2013లో 'సైన్స్' పత్రికలో వెలువడింది. తమిళనాడులోని విళుపురం, తిరువణ్ణామలై జిల్లాలలో 54 గ్రామాలకు చెందిన 464 మంది చెరకు రైతులు ఇందులో పాల్గొన్నారు. వీరి ఆదాయంలో అధికభాగం చెరకు నుండే, అదీ ఏడాదికి ఒకసారి వచ్చేది.

చెరకునే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. ఒక ప్రాంతంలోని చెరకునంతటినీ మిల్లు ఒకేసారి ఆడించలేదు కనుక కోతలను కొన్ని నెలల పాటు విడతలుగా నిర్ణయిస్తుంది. అందువలన పక్కపక్క పొలాల రైతులలో ఒకరికి డబ్బు ముందు వస్తుంది, మరొకరికి ఆలస్యంగా వస్తుంది. ఒకే నెలలో ఒకరు కోతకు ముందు దశలోను, మరొకరు కోత తరువాత దశలోను ఉంటారు. కాబట్టి కనిపించిన తేడాలను ఎండ మీదికో, పండుగల మీదికో, ఆ నెల పనుల మీదికో నెట్టివేయడానికి అవకాశం తక్కువ. ఇక ఒకే రైతును రెండు దశలలోనూ పరీక్షించారు కనుక తెలివైనవారిని, కానివారిని పోల్చినట్లు కాలేదు.

రెండు దశలకు మధ్య రైతుల స్థితిలో ఉన్న తేడా గమనించదగినది. కోతకు ముందు 78 శాతం మంది ఏదో ఒక వస్తువు తాకట్టు పెట్టి ఉన్నారు, కోత తరువాత 4 శాతం మంది మాత్రమే. అప్పు ఉన్నవారు కోతకు ముందు 99 శాతం, తరువాత 13 శాతం.

వీరికి రెండు రకాల పరీక్షలు పెట్టారు. మొదటిది రావెన్ పరీక్ష. ఇందులో కొన్ని ఆకృతుల వరుసలో ఒకటి ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీలో ఇమిడేది ఏదో గుర్తించాలి. దీనికి చదువు అవసరం లేదు. రెండవది అంకెలతో చేసిన స్ట్రూప్ పరీక్ష. '5 5 5' అని చూపిస్తే కనిపించిన అంకె కాక, అది ఎన్నిసార్లు ఉన్నదో, అంటే 3 అని చెప్పాలి. నోటికి వచ్చే '5'ను ఆపుకోవడానికి ధ్యాస కావాలి. రావెన్ పరీక్షలో రైతులు కోతకు ముందు సగటున 4.35 ప్రశ్నలకు, కోత తరువాత 5.45 ప్రశ్నలకు సరైన జవాబులు ఇచ్చారు. స్ట్రూప్ పరీక్షకు కోతకు ముందు 146 సెకన్లు, తరువాత 131 సెకన్లు పట్టింది. తప్పులు కూడా తగ్గాయి. ఒకసారి రాసిన పరీక్షను రెండోసారి బాగా రాయడం సహజమే కదా అనే సందేహం ఎవరికైనా వస్తుంది. దీనిని తీర్చడానికి కొందరు రైతులను కోత తరువాతనే మొదటిసారిగా పరీక్షించి పోల్చి చూశారు.

ఇదే వ్యాసంలో అమెరికాలోని న్యూజెర్సీలో ఒక దుకాణ సముదాయం వద్ద జరిపిన ప్రయోగం కూడా ఉంది. కారు మరమ్మతుకు 150 డాలర్లు అవుతుందని ఊహించుకోమన్నప్పుడు పేదవారు, సంపన్నులు ఒకే స్థాయిలో రాణించారు. 1,500 డాలర్లు అవుతుందని ఊహించుకోమన్నప్పుడు పేదవారి ఫలితాలు మాత్రమే పడిపోయాయి. ఈ ప్రభావం సుమారు 13 ఐ.క్యూ. పాయింట్లకు, లేదా ఒక రాత్రంతా నిద్ర లేకపోవడానికి సమానమని రచయితలు పోల్చారు. పత్రికలలో బాగా ప్రచారం పొందినది ఈ పోలికే. అయితే చెరకు రైతుల భాగమే ఊహ మీద కాక నిజజీవితం మీద ఆధారపడినది కావడం వలన ఎక్కువ విలువైనది.

విస్తరాకుల పనిపై పరిశోధన

పరీక్షలో మార్కులు తగ్గడం వేరు, పనిలో కూలి తగ్గడం వేరు. ఈ రెండవ విషయాన్ని నేరుగా కొలిచినవారు సుప్రీత్ కౌర్, సెంధిల్ ముల్లైనాథన్, సువానా ఓ, ఫ్రాంక్ షిల్బాక్. వీరి అధ్యయనం 2021లో ముసాయిదాగా, 2025లో 'క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్'లో వ్యాసంగా వెలువడింది.

ఒడిశాలో వ్యవసాయ పనులు లేని కాలంలో 408 మందిని రెండు వారాల పాటు విస్తళ్ళు కుట్టే పనిలో పెట్టుకున్నారు. తెలంగాణలో మోదుగాకులతోను, ఉత్తరాంధ్ర మన్యంలో అడ్డాకులతోను కుట్టే విస్తళ్ళ వంటివే ఇవి. ఆకులను ఒకదానిపై ఒకటి పేర్చి సన్నని పుల్లలతో కుట్టాలి. ఎన్ని కుట్టితే అంత కూలి. కాబట్టి వేగం తగ్గితే నష్టం పనివానిదే, మందకొడిగా పని చేయడం వలన అతనికి కలిసివచ్చేది ఏమీ లేదు.

ప్రయోగంలో మార్చినది ఒక్కటే, కూలి చేతికిచ్చే రోజు. కొందరికి అప్పటివరకు సంపాదించిన కూలిని మధ్యలోనే ఇచ్చారు, మిగిలినవారికి చివర ఇచ్చారు. కూలి రేటులో తేడా లేదు. ముందుగా డబ్బు అందినవారు వెంటనే అప్పులు తీర్చారు, ఇంటికి కావలసిన సరుకులు కొన్నారు. ఆ తరువాతి రోజులలో వారి ఉత్పత్తి సుమారు 7 శాతం పెరిగింది. పెరుగుదల ప్రధానంగా వారిలో మరింత పేదవారి వద్ద కనిపించింది.

వేగం కన్నా ముఖ్యమైన సాక్ష్యం విస్తరాకుల మీదనే ఉంది. పరిశోధకులు విస్తళ్ళను పరిశీలించి, ఒక కన్నం పక్కనే మరొక కన్నం పడడం, అవసరానికి మించి ఆకులు వాడడం, అవసరానికి మించి కుట్లు వేయడం వంటి పొరపాట్లను లెక్కించారు. పరాకుగా ఉన్నప్పుడు జరిగే పొరపాట్లు ఇవి. డబ్బు అందినవారి విస్తళ్ళలో ఇవి తగ్గాయి. డబ్బు ముందే ఇచ్చారన్న కృతజ్ఞతతో ఎక్కువ పని చేసి ఉంటారని, లేదా కడుపునిండా తిన్నారని ఎవరైనా అనవచ్చు. ఫలితాలను ఈ కారణాలతో వివరించలేమని రచయితలు వాదించారు. ఒత్తిడితో వేగం పెంచుకున్న మనిషి పొరపాట్లు ఎక్కువ చేస్తాడు. ఇక్కడ వేగం పెరిగింది, పొరపాట్లు తగ్గాయి. ఈ రెండూ కలిసి రావడం ధ్యాస మెరుగుపడిందనడానికి బలమైన సూచన.

దీనివలన తేలే విషయం కొంత బాధ కలిగించేది. డబ్బు అత్యవసరమైన రోజులలోనే మనిషి సంపాదించే శక్తి తగ్గుతుంది. బీడీలు, చేనేత వంటి పనులలో కూడా కూలి కట్టేది తయారైన సరుకు లెక్కనే. అటువంటి పనివారి తప్పులను అశ్రద్ధగానో, సోమరితనంగానో భావించడం లోకంలో అలవాటు. ఒడిశా ఫలితాలను చూస్తే ఆ అభిప్రాయం తొందరపాటు అనిపిస్తుంది. అదే మనిషి, అవే చేతులు, అప్పు తీరిన మరునాటి నుండి శ్రద్ధగా కుట్టినట్లు తేలింది.

అప్పుల సంఖ్య, వాయిదాల వ్యవధి

అప్పు ఎంత అనే దానితోపాటు ఎన్ని చోట్ల అనేది కూడా ధ్యాసను ప్రభావితం చేస్తుంది. సింగపూరులో ఒక సేవాసంస్థ అల్పాదాయ వర్గాల వారి పాత బాకీలను తీర్చినప్పుడు 196 మందిపై జరిపిన అధ్యయనం 2019లో వెలువడింది. సమానమైన మొత్తంలో సహాయం పొందినవారిలో, ఎక్కువ ఖాతాలు పూర్తిగా మూతపడినవారికి ఆందోళన ఎక్కువ తగ్గి, ధ్యాసకు సంబంధించిన పరీక్షలలో ఎక్కువ మెరుగుదల కనిపించింది. కిరాణా కొట్టు ఖాతా, చిట్టీ బాకీ, బంగారం మీద అప్పు, బంధువు వద్ద చేబదులు ఇలా నాలుగు చోట్ల ఉన్న అప్పుకు నాలుగు గడువులు, నాలుగు ముఖాలు ఉంటాయి. మొత్తం ఒకటే అయినా గుర్తుంచుకోవలసిన లెక్కలు నాలుగు.

వాయిదాల వ్యవధిపై కోల్‌కతాలో 200 మంది సూక్ష్మరుణ ఖాతాదారులతో చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. వారంవారీ చెల్లించేవారితో పోలిస్తే నెలవారీ చెల్లించేవారు బాకీ గురించి ఆందోళన చెందుతున్నట్లు చెప్పడం సుమారు సగానికి తగ్గింది. వారు అప్పు గురించి ఆలోచించే సమయం కూడా తగ్గింది.

ఈ విషయానికి ఆంధ్రప్రదేశ్ చరిత్రతో సంబంధం ఉంది. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ ఒత్తిడి వలన ఆత్మహత్యలు జరిగాయన్న వార్తల నేపథ్యంలో 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం అత్యవసర ఆదేశం జారీ చేసి, వారంవారీ వసూళ్ళ స్థానంలో నెలవారీ వసూళ్ళు తెచ్చింది. దాని ఆర్థిక ఫలితాలపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. రుణ సంస్థలు బాగా దెబ్బతిన్నాయి, పేదలకు అప్పు పుట్టడం కష్టమైంది. అప్పు దొరకకపోవడం కూడా ఒక చింతే కనుక ఆ చర్యను కేవలం మేలుగా గాని, కేవలం కీడుగా గాని చెప్పడం సరికాదు.

విమర్శలు

ఈ సిద్ధాంతాన్ని అందరూ అంగీకరించలేదు. 2013 నాటి వ్యాసంలోని గణాంక పద్ధతిపై అదే పత్రికలో అభ్యంతరాలు ప్రచురితమయ్యాయి. అమెరికాలో అల్పాదాయ కుటుంబాలను జీతం రాకముందు, వచ్చిన తరువాత పోల్చిన కార్వాల్హో, మయర్, వాంగ్‌లు 2016లో ప్రచురించిన వ్యాసంలో బుద్ధి పరీక్షల ఫలితాలలో తేడా లేదని తెలిపారు. కొరత భావనపై అంతకుముందు వచ్చిన 20 ప్రయోగాలను తిరిగి చేసి చూసిన ఒక బృందం, వాటిలో అధికభాగం మొదటి ఫలితాలను ఇవ్వలేదని 2021లో పేర్కొన్నది.

ఈ విమర్శలను తేలికగా తీసుకోరాదు. అయితే నిలవనివి ఎక్కువగా ఊహించుకోమని చెప్పి, లేదా ఆటలలో కృత్రిమంగా కొరత కల్పించి చేసినవి. జీతానికి ముందు రెండు మూడు రోజుల ఇబ్బంది, కోతకు ముందు నెలల తరబడి ఉండే ఇబ్బంది ఒక స్థాయివి కావు. నిజమైన పని, నిజమైన కూలి, నిజమైన బాకీలను కొలిచిన ఒడిశా అధ్యయనాన్ని ఈ విమర్శలు నేరుగా తాకవు. ఆ ప్రభావం 7 శాతమే కాని, పత్రికలలో కనిపించే 13 ఐ.క్యూ. పాయింట్ల వంటి పెద్దమాట కాదన్నది కూడా గుర్తించాలి.

చెల్లింపు గడువులు

డబ్బు సకాలంలో చేతికి అందాలనే సూత్రం భారతీయ చట్టాలలో చాలాకాలంగా ఉంది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం వెయ్యి మంది కన్నా తక్కువ పనివారు గల సంస్థలలో నెల గడిచిన 7వ రోజులోగా జీతం ఇవ్వాలని నిర్దేశించింది. దాని స్థానంలో వచ్చిన 2019 నాటి వేతనాల స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం రోజు కూలిని పని ముగిసిన వెంటనే, వారపు కూలిని సెలవుకు ముందు రోజు, నెల జీతాన్ని తరువాతి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం కూలి చెల్లింపుకు 15 రోజుల గడువు విధించింది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు మిల్లులు సరుకు అందిన 14 రోజులలోగా ధర చెల్లించాలని, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలని ఆదేశించింది. అయినా చెరకు బకాయిల కోసం రైతులు ఆందోళనకు దిగడం తెలుగు రాష్ట్రాలలో అనేక పర్యాయాలు జరిగింది. బకాయిపై కట్టే వడ్డీ రైతు బయట తెచ్చిన అప్పు వడ్డీకి కొంతవరకు బదులు కావచ్చు. ఎదురుచూసిన నెలలలో అతని పనిలో జరిగిన నష్టం మాత్రం ఈ లెక్కలోకి రాదు.