లైనరులో ఇత్తడి చుక్కలు

శ్రీరాంపూర్ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలోకి దిగే టిప్పరు ఖాళీదే కదా, దాని బ్రేకులకేం కష్టం అనిపిస్తుంది. లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. ఖాళీ బండి 10 టన్నులనుకుందాం. 50 మీటర్ల లోతుకు దిగేసరికి అది వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 49 లక్షల జౌళ్లు. 30 డిగ్రీల నీళ్లు 16 లీటర్లు మరిగించడానికి ఆ వేడి చాలు. చిన్న గేరులో దిగితే అందులో పెద్ద వాటా ఇంజనే భరిస్తుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలితే మాత్రం భారమంతా డ్రమ్ముల మీదా, వాటిని ఒరుసుకునే లైనర్ల మీదా పడుతుంది. (పెద్ద డంపర్ల సంగతి వేరు. వాటిలో చాలావాటికి నూనెలో తడిసే పళ్లేల బ్రేకులుంటాయి.)

మంచిర్యాల రోడ్డు మీద ఏ మెకానిక్ షెడ్డులోనైనా రివిట్లు ఊడదీసి పడేసిన పాత లైనర్లు కనిపిస్తాయి. కొన్నింటిని వెలుతురుకు తిప్పి చూస్తే నల్లటి ముఖం మీద పసుపుపచ్చగా, ఎర్రగా చుక్కలు మెరుస్తాయి. అవి ఇత్తడి, రాగి తునకలు.

లైనరు చాలా సరుకుల మిశ్రమం. ఒకప్పుడు అందులో ఆస్బెస్టాస్ ముఖ్యం. అది ఊపిరితిత్తులకు చేటని తేలాక వేరే పీచులు వచ్చాయి. బరువు నింపడానికి బెరైటీస్ వేస్తారు. మన మంగంపేటలో తవ్వే ముగ్గురాయి అదే. జీడిగింజల తొక్క నూనెతో చేసిన పొడి కూడా ఉంటుంది. పలాస అంటే పప్పే గుర్తొచ్చే మనకు ఇది కాస్త వింతే. వీటన్నిటినీ కలిపి పట్టి ఉంచేది ఫినాలిక్ రెసిన్.

చిక్కంతా ఆ రెసిన్‌తోనే. అది వేడిని పోనివ్వదు. ఒరిపిడి వేడి పైపొరలోనే నిలిచిపోయి 300 డిగ్రీలు దాటితే రెసిన్ మాడి వాయువులు వదులుతుంది. డ్రమ్ముకూ లైనరుకూ మధ్య పట్టు సడలుతుంది. పెడలు ఎంత తొక్కినా బండి ఆగదు. చల్లారాక పట్టు చాలావరకు తిరిగొస్తుంది గానీ, లైనరు ముఖం గాజులా నునుపెక్కితే పూర్తిగా రాదు.

లోహం చేర్చేది గట్టిదనం కోసమే అనుకుంటాం. అసలు పని వేడిని పంచడం. రాగి వేడిని ఇనుము కన్నా 5 రెట్లు, రెసిన్ కన్నా వెయ్యి రెట్లకు పైగా తేలిగ్గా పోనిస్తుంది. పైగా అది మెత్తన. ఒరిపిడిలో సాగి, రెండు ముఖాల మధ్య పలుచటి పొరలా పరుచుకుని పట్టు ఒక్కసారిగా మారకుండా చూస్తుంది. ఐఐటీ ఢిల్లీలో జయశ్రీ బిజ్వే బృందం రాగి, ఇత్తడి, ఇనుప పొడులను విడివిడిగా కలిపి పోల్చింది. రాగి పొడిగా ఉండాలా పీచుగా ఉండాలా, ఎంత ఉండాలన్నదీ పరీక్షించింది.

అలాగని దండిగా పోసేయకూడదు. పైపొర నుంచి పోయిన వేడి వెనక ఎక్కడికో చేరాలిగా! కార్లలో అది బ్రేక్ ఆయిల్‌ దాకా పోతే ఆయిల్ మరిగి బుడగలు లేస్తాయి, పెడలు కిందికి దిగిపోతుంది. గాలి బ్రేకుల లారీకి ఆ గండం లేదు.

రాగికి ఇంకో తగాదా ఉంది. అరిగిన పొడి వానకు వాగుల్లోకి చేరి సాల్మన్ చేపల వాసన శక్తిని దెబ్బతీస్తుంది. అందుకే కాలిఫోర్నియా 2010లో చట్టం చేసి, రాగిని 2021 నుంచి 5 శాతానికి, 2025 నుంచి అర శాతానికి కట్టడి చేసింది. మన టిప్పర్ల పొడి కొట్టుకుపోయేదీ గోదావరిలోకే.

బదులుగా ఏం వేయాలి? ఉక్కు పీచు చవక, వేడికీ తట్టుకుంటుంది. కానీ వానాకాలం నాలుగు రోజులు బండి నిలబెడితే తుప్పు పడుతుంది, మోతాదు మించితే డ్రమ్మును గీరేస్తుంది. లైనరు కన్నా డ్రమ్ము ఖరీదెక్కువ కాబట్టి లారీ ఓనరు చూసుకునేది ముందు దాన్నే.