బోర్డు లేదు గనుక బండి పెట్టవచ్చా?

కాట్రేనికోన వంటి కోనసీమ ఊళ్లలో చాలాచోట్ల రోడ్డుకు ఒక పక్క కాలువ, మరో పక్క ఇళ్లు. ఆదివారం మందిరం ముందు ఇరవై మోటారు సైకిళ్లు, రెండు ఆటోలు, ఒక కారు ఆగితే కొబ్బరికాయల లారీకి దారి ఉండదు. మాసూళ్ల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, ఇక చెప్పనక్కరలేదు. పొరుగువారు అడిగితే మన సంఘస్థులు తరచుగా చెప్పే జవాబు: “ఇక్కడ నో పార్కింగ్ బోర్డు లేదు కదండీ!”

ఆ జవాబు చెల్లదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 122వ సెక్షన్‌కు బోర్డుతో పనిలేదు. బహిరంగ స్థలంలో ఇతరులకు ప్రమాదం, ఆటంకం, మితిమీరిన ఇబ్బంది కలిగేలా గాని, కలిగే అవకాశం ఉండేలా గాని బండి నిలపకూడదని అది చెబుతుంది. “అవకాశం” అన్న మాట గమనించండి. ఎవరో వచ్చి గుద్దుకునేదాకా తప్పు జరగలేదనడానికి వీల్లేదు. 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు ఇంకా వివరంగా ఉన్నాయి: కూడలి దగ్గర, కాలిబాట మీద, బస్టాపు దగ్గర, బడి, ఆసుపత్రి ద్వారాల ముందు, ఒకరి గేటుకు అడ్డంగా, ఆగివున్న బండి పక్కన మరో వరుసగా నిలపకూడదు. ఇవి సలహాలు కావు. 122వ సెక్షన్‌ను మీరితే 177వ సెక్షన్ కింద మొదటిసారి 500 రూపాయల వరకు, మళ్లీ చేస్తే 1500 వరకు జరిమానా పడవచ్చు. పెళ్లికో సువార్త కూడికలకో రోడ్డుకు అడ్డంగా పందిరి వేస్తే వర్తించేది వేరే చట్టం. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ ప్రకారం దారికి అడ్డం కల్పిస్తే 5000 వరకు జరిమానా ఉంది. పాత శిక్షాస్మృతిలో అది 200 మాత్రమే.

మరి సలహా ఏది? బ్రిటన్‌లో ఉన్న మన పిల్లలకు ఈ తేడా బాగా తెలుసు. 1931లో మొదట వెలువడిన అక్కడి హైవే కోడ్‌లో కొన్ని వాక్యాలు చట్టపు ఆజ్ఞలు, మరికొన్ని హితవులు. హితవును మీరడం దానంతట అదే నేరం కాదు, కాని కోర్టులో అది ఆ డ్రైవరుకు వ్యతిరేకంగా నిలవవచ్చు. మనకు అలాంటి పుస్తకం ఇంటింటా లేదు. అందుకే చట్టాన్ని కూడా సలహా అనుకుంటున్నాము.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో కొత్త ఇంటి డాబాకు పిట్టగోడ కట్టమన్న ఆజ్ఞ ఉంది. ఇల్లు మనదే, పడేది మరొకరు. ఆ ఆజ్ఞను బోధించే మనము పల్లం వైపు నుండి ముమ్మిడివరం మీదుగా అమలాపురం ఆసుపత్రికి పురుటి నొప్పులతో వెళ్లే తల్లి 108 బండిని మన బండ్ల వరుస వెనక నిలబెడితే ఏమనాలి? ఆ ఐదు నిమిషాలకు 500 రూపాయల లెక్క సరిపోదు.

చట్టం అడగనివి కూడా కొన్ని చేయవచ్చు. దగ్గరివారు నడిచి రావచ్చు. సంఘ పెద్దలు బడి ఆవరణ అడిగి తీసుకోవచ్చు, ఆదివారం అది ఖాళీయే. ఇద్దరు యౌవనస్థులను బయట నిలబెట్టి, కారు తాళాలు వారి దగ్గర ఉంచితే, ప్రసంగం మధ్యలో మైకులో బండి నంబరు చదివే పని పాస్టరుగారికి తప్పుతుంది.