ఇంటి తెరపై ముందు పీట యెవరిది?

అటకపై దాచిన పాత్ర యెంత మంచిదైనను నిత్యము వాడుకకు రాదు. చేతి కందు గూటిలోని గిన్నెయే దినమునకు పదిమారులు పొయ్యి నెక్కును. ఇది గృహిణికి వేరుగ చెప్పవలసిన మాట కాదు. కాని యీ చిన్న సత్యము నాధారము చేసికొని నేడు గొప్ప వ్యాపారములు నడచుచున్నవనియు, దానిని గురించి కొన్ని దేశముల శాసనసభలు చట్టములు గూడ చేసినవనియు మనలో ననేకు లెరుగరు. ఆ గూడు మరేదియు గాదు. మన ముందుగదిలోని టెలివిజను తెరయే.

మేము క్రొత్తగ స్మార్ట్ టెలివిజను కొనినప్పుడు మా యింట జరిగిన సంగతి చెప్పెదము. సాయంకాలము దీపము పెట్టిన తరువాత దూరదర్శన్ సప్తగిరిలో వార్తలు వినుట మా అత్తగారికి చిరకాలపు అలవాటు. పాత పెట్టెలో ఆమె ఒక అంకె నొక్కిన చాలును, వార్తలు వచ్చుచుండెను. క్రొత్త పెట్టె వెలిగినంతనే తెరనిండ బొమ్మలు బారులు తీరి నిలిచినవి. అవి చందా కట్టి చూడవలసిన సినిమాలు, ఆటల పోటీలు, వ్యాపార ప్రకటనలు. రిమోటు మీది మీటలపై నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో మొదలగు పేర్లు అచ్చువేసి యున్నవి. సప్తగిరి యెచ్చట నున్నదో వెదకుటకు మా కుమారునికే పావుగంట పట్టెను. "మన వార్తలు ఎత్తివేసినారా యేమి?" అని ఆమె యడిగెను. ఎత్తివేయలేదు, కనుమరుగైనవి, అంతియే.

ఇట్లేల జరుగుచున్నది? వెనుకటి కాలమున ఛానళ్ల వరుస అంకెల వరుసగ నుండెడిది. ఇప్పుడు ఇంటర్నెట్ ద్వారా కార్యక్రమములు వచ్చుచున్నవి గనుక ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క యాప్ ఏర్పడినది. ఆ యాపులలో దేనిని తొలి తెరపై నిలుపవలెను, దేనిని లోపల నుంచవలెను అనునది పెట్టెను తయారుచేయువారి చేతిలోను, దానిని నడపు సాఫ్ట్‌వేరు సంస్థల చేతిలోను ఉన్నది. వారికి పెట్టె అమ్మకము వలననే గాక తొలి తెరపై స్థలము నిచ్చుట వలనను, ప్రకటనల వలనను, రిమోటు మీది మీటల వలనను ఆదాయము కలదు. ధనము గలవాడు ముందు పీట కొనుక్కొనును. ప్రజల సొమ్ముతో నడచు ప్రసార సంస్థ ఆ వేలములో నిలువజాలదు. నిలిచినను, పిల్లల కార్యక్రమములకును వార్తలకును వెచ్చింపవలసిన ధనము స్థలపు బాడుగకే పోవును.

ఈ చిక్కును ముందుగ గుర్తించిన దేశములలో బ్రిటను ఒకటి. అచ్చట బి.బి.సి.కి ప్రజలు లైసెన్సు రుసుము చెల్లింతురు. 2025 ఏప్రిలులో ఆ రుసుము ఏటికి 174 పౌనుల 50 పెన్నీలుగ నిర్ణయింపబడెను. బి.బి.సి., ఐ.టి.వి., ఛానల్ 4 మొదలగువానికి ప్రజాసేవ విషయమున కొన్ని విధులు కలవు. పక్షపాతము లేని వార్త లీయవలెను. దేశమునందలి వేర్వేరు ప్రాంతముల జీవనము చూపవలెను. వేల్సు భాషకై 1982లో ఎస్‌4సి అను ఛానలే ప్రత్యేకముగ వెలసినది. ఇట్టి భారము మోయువారికి ఛానళ్ల పట్టికలో తగిన ప్రాముఖ్య మీయవలెనని 2003 నాటి కమ్యూనికేషన్స్ చట్టము విధించెను. కాని బి.బి.సి. ఐప్లేయరు ప్రారంభమైనది 2007లో. ఇంటర్నెట్ యాపులను ఆ పాత చట్ట మెట్లు కాపాడగలదు? కావున 2024 మే నెలలో మీడియా చట్టము వచ్చెను. ప్రజాసేవా సంస్థల యాపులు స్మార్ట్ టెలివిజనులలో లభ్యములై, సులభముగ కనబడునట్లు చూచు భారము ఆఫ్‌కామ్ అను నియంత్రణ సంస్థపై నుంచబడినది.

ఆస్ట్రేలియా మరింత స్పష్టమైన గీత గీసినది. అచ్చట 2024లో పార్లమెంటు చేసిన చట్టము 2026 జనవరి 10వ తేదీ నుండి అమలునకు వచ్చినది. దాని ప్రకారము ఆ దేశమున సరఫరా యగు క్రొత్త స్మార్ట్ టెలివిజనులలో ఏ.బి.సి., ఎస్‌.బి.ఎస్‌. అను ప్రజా సంస్థల యాపులును, చందా లేకుండ ప్రసారము చేయు వాణిజ్య సంస్థల యాపులును తొలి తెరపై కనబడవలెను. అందులకై వారివద్ద సొమ్ము పుచ్చుకొనరాదు.

దీనివలన ప్రయోజన మేమని యెవరైన నడుగవచ్చును. 2019-20 వేసవిలో ఆ దేశమున ఘోరమైన కార్చిచ్చులు చెలరేగి పల్లెలకు పల్లెలు దగ్ధమైనప్పుడు, ఎటు పోవలెనో యెప్పుడు కదలవలెనో తెలిసికొనుటకు జనులు ఏ.బి.సి. ప్రసారముల నాశ్రయించిరి. మంటలు ముంచుకొని వచ్చువేళ హెచ్చరికను బొమ్మల గుంపులో వెదకుచు కూర్చుండుట సాధ్యమా? ఇక ఎస్‌.బి.ఎస్‌. వలసవచ్చినవారి భాషలకు చోటిచ్చు సంస్థ. అది తెలుగులో గూడ శ్రవ్య కార్యక్రమములు నడపుచున్నది. మెల్‌బోర్నులోనో సిడ్నీలోనో కాపురమున్న మన ఆడపడుచులకు ఈ సంగతి పరాయిది కాదు.

అయినను ఎదుటి పక్షము వాదము గూడ వినవలెను. "నా సొమ్ముతో కొన్న పెట్టెలో ఏది ముందుండవలెనో ప్రభుత్వము చెప్పుట యేమి?" అని కొంద రనిరి. ఆస్ట్రేలియాలో చందా ప్రసార సంస్థలవారు ఈ చట్టమును గట్టిగ నాక్షేపించిరి. ఈ ప్రశ్న తేలికగ త్రోసివేయదగినది కాదు. ఏలికల చేతికి తెర చిక్కిన, అది వారి భజనకే పనికివచ్చునను భయము సహేతుకమే. కాని చట్టము చూడుమని బలవంతపెట్టుట లేదు; కనబడనిమ్మని మాత్రమే చెప్పుచున్నది. యజమానురాలు తన కిష్టమైనట్లు వరుస మార్చుకొనుటకు అడ్డు లేదు. అదియు గాక, ప్రభుత్వము వరుస నేర్పరుపకున్నంత మాత్రమున మనమే యేర్పరచుకొనుచున్నామా? మన మెరుగని వర్తకు డెవడో ముందే యేర్పరచి పంపుచున్నాడు. పంక్తిలో వడ్డన యెవరితో మొదలుకావలెనో ఇంటి పెద్ద నిర్ణయింపకున్న, పిలువని పేరంటాలు ముందు కూర్చుండును గదా!

మన దేశమున ఈ న్యాయము క్రొత్తది కాదు. దూరదర్శన్ ఛానళ్లను కేబుల్ నడపువారు తప్పక ఇంటింటికి చేర్పవలెనని 1995 నాటి కేబుల్ టెలివిజను చట్టమందే యున్నది. అయితే అది తీగను గురించి చెప్పిన మాట. ఇంటర్నెట్ తెరను గురించి చెప్పిన మాట కాదు. 2024 నవంబరు 20న ప్రసార భారతి "వేవ్స్" అను యాప్‌ను ప్రారంభించెను. సరకు సిద్ధమైనది, కాని అంగడి వీధిలో దుకాణ మెచ్చట నుండవలెనను ప్రశ్న మిగిలియే యున్నది.

పెరటి చెట్టు వైద్యమునకు రాదని సామెత. మన సొమ్ముతో నడచు ప్రసారములను మనమే చులకన చేయుట గలదు. వానిలో లోపములు లేకపోలేదు; వానిని విమర్శింపవలసినదే. ముందు పీట ఇచ్చినంతనే వడ్డన రుచి హెచ్చదు. కార్యక్రమము బాగుగ నుండవలసిన బాధ్యత సంస్థదే. కాని కంటబడని దానిని మెచ్చుటయు లేదు, దిద్దుటయు లేదు.

చట్టము వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. ఇంటనున్న టెలివిజనును ఒక్క దినము తీరికగ పరిశీలింపుడు. అనేక పెట్టెలలో యాపుల వరుసను మనమే మార్చుకొన వీలున్నది. పెద్దలు వినదలచిన వార్తలను, పిల్లలు చూడదగిన కార్యక్రమములను ముందు వరుసకు జరుపుడు. అక్కరలేని వానిని వెనుకకు నెట్టుడు. రిమోటు వాడుట అత్తగారికి, అమ్మకు ఓపికతో నేర్పుడు. మా యింట నట్లే చేసితిమి. ఇప్పుడు మా అత్తగారు ఎవరినీ పిలువకయే దీపము వేళకు వార్తలు పెట్టుకొనుచున్నారు. వంటయింటి గూడు మనము సర్దుకొన్నట్లే, ముందుగది తెరను గూడ మనమే సర్దుకొందము.