ప్లాస్టిక్ పొగగొట్టం: నమ్మాల్సింది దేన్ని?

అమెరికా, కెనడాల్లో లక్షలాది ఇళ్లలో గ్యాస్ ఫర్నేసు పొగ తెల్లటి పీవీసీ పైపుగుండా బయటికి పోతుంది. మంట పక్కన ప్లాస్టిక్కా అని అనుమానం రావడం సహజమే. కానీ ఆ పైపు రేకు గొట్టానికి చవక నకలు కాదు. పొగ చల్లబడ్డాకే దానికి అక్కడ చోటు దొరికింది. పాత ఫర్నేసు తన వేడిలో ఐదోవంతుకు పైగా చిమ్నీకే ధారపోసేది. 1982లో లెనాక్స్ కంపెనీ తెచ్చిన ‘పల్స్’ వంటి ఫర్నేసులు ఆ వేడిని ఇంట్లోకే పిండుకుని 90 శాతం సామర్థ్యం దాటాయి. దానితో కొత్త చిక్కు వచ్చింది. 16 కిలోల మీథేన్ మండితే 36 కిలోల నీరు పుడుతుంది. పొగ సుమారు 55 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే ఆ ఆవిరి నీరై, ఆమ్లమై కారుతుంది. లోహపు గొట్టమే వేయొచ్చుగా అంటే, మామూలు రేకును ఆ ఆమ్లం తినేస్తుంది. తట్టుకునే ప్రత్యేక స్టెయిన్‌లెస్ స్టీలు ఖరీదెక్కువ.

అలాగని వేడికి ఓర్చే ప్లాస్టిక్ ఎంచుకుంటే చాలదు. 1980ల చివర్లో, మధ్యస్థ సామర్థ్యం గల ఉపకరణాలకు పాలీఈథరిమైడ్‌తో చేసిన ప్లెక్స్‌వెంట్, అల్ట్రావెంట్ పైపులు వచ్చాయి. వేడిని తట్టుకోవడంలో పీవీసీ వాటి దరిదాపుల్లోకి రాదు. అయినా అవే పగిలాయి, అతుకుల దగ్గర ఊడాయి; 1998లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ దాదాపు 2,50,000 వెంట్ వ్యవస్థల రీకాల్‌ను ప్రకటించింది. పాత చిమ్నీలో పొగ తనంతట తానే పైకి లేచేది. చిన్న చీలిక ఉంటే గది గాలే లోపలికి పోయేది. ఈ పైపుల్లో పొగను ఫ్యాను నెడుతుంది. చీలిక పడితే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా గదిలోకే వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు.

అందుకే నా దృష్టిలో పైపు పేరుకన్నా అతుకే ముఖ్యం. పైపును సూటిగా కోసి, అంచుల పొట్టు గీకి, రెండు వైపులా ఊదారంగు ప్రైమర్ పూసి, వెంటనే సాల్వెంట్ సిమెంట్ రాసి, పావు వంతు తిప్పుతూ అడుగంటా దూర్చి, కదలకుండా కాసేపు పట్టుకోవాలి. ప్రైమర్ వేశారో లేదో ఆ ఊదా మరకే చెబుతుంది. సిమెంట్ సంగతి మాత్రం చెప్పదు. కొలత చూడ్డానికి ఉత్తినే బిగించి, అంటించడం మరిచిన జాయింటు చూపుకు చక్కగానే ఉంటుంది. పైపు వాలు సాధారణంగా అడుగుకు పావు అంగుళం, ఫర్నేసు వైపుకే. ఆధారాలు దూరమై పైపు కుంగితే మధ్యలో నీళ్లు నిలిచి పొగదారి మూసుకుపోతుంది.

ఏళ్ల తరబడి డ్రైనేజీ పైపే పనిచేసింది, ఇప్పుడు పొగగొట్టాలకంటూ ప్రత్యేక ధ్రువీకరణ ఎందుకని అనుభవమున్న పాత మెకానిక్‌లు కొందరు విసుక్కుంటారు. అందులో కొంత నిజముంది. ఇంటి ఫర్నేసు వెనక పీవీసీ చాలాచోట్ల బాగానే నిలిచింది. ఇంటిని వేడినీళ్లతో వెచ్చబరిచే బాయిలర్ సంగతి వేరు. ఇల్లంతా తిరిగి దానిలోకి వచ్చే నీళ్లకన్నా పొగ చల్లబడలేదు. ఆ నీళ్లే 70 డిగ్రీలుంటే పీవీసీ పని అయిపోయినట్టే. కెనడాలో 2007 నుంచి అమలుకొచ్చిన ఎస్636 ప్రమాణం పీవీసీకి 65, సీపీవీసీకి 90, పాలీప్రొపిలీన్‌కు 110 డిగ్రీల హద్దు గీసింది. డ్రైనేజీ పైపుల తయారీదారుల్లోనే కొందరు, పొగకు వాడొద్దని రాతపూర్వకంగా చెబుతున్నారు.

పైపు ఎంత చక్కగా అతికినా బయటి మూతి మూసుకుపోతే అంతా వృథా. 2005లో మసాచుసెట్స్‌లో మంచు కప్పేసిన వెంట్ ఏడేళ్ల పాప ప్రాణం తీసింది. అదే ఏడాది ఆ రాష్ట్రం ఇళ్లలో కార్బన్ మోనాక్సైడ్ అలారాలను తప్పనిసరి చేస్తూ ఆ పాప పేరుతోనే నికోల్ చట్టం తెచ్చింది. అమెరికా, కెనడాల్లో ఇల్లు కొన్న తెలుగువాళ్లు ఈ చలికాలానికి ముందే ఒకసారి బేస్‌మెంట్‌లోకి దిగి పైపు మీది అక్షరాలు చదవండి. రంగు మారినా, అతుకు దగ్గర తెల్లటి చార కనిపించినా లైసెన్సున్న మెకానిక్‌ను పిలవండి. పడకగదుల దగ్గర అలారం పెట్టించండి.