చెయిన్ సా స్పీడు, చెయిన్ పదును: ముందు చూడాల్సింది ఏది?

చెయిన్ సా సరిగ్గా కొయ్యట్లేదంటే మనవాళ్ల చెయ్యి ముందు కార్బరేటర్ స్క్రూ మీదకే పోతుంది. వద్దండీ. ముందు కింద రాలే పొట్టు చూడండి. పేళ్లలా రాలితే చెయిన్ బాగున్నట్టు. పిండిలా రాలిందా, పదును పోయింది.

పదును పోతే ఏం చేస్తాం? బార్‌ని నొక్కుతాం. నొక్కేకొద్దీ ఇంజిన్ స్పీడు పడిపోతుంది, క్లచ్ జారి వేడెక్కుతుంది. పవర్ లేదనుకుని హెచ్ స్క్రూ బిగిస్తారు. బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌కి ఆయిల్ అందేదే పెట్రోలుతో కదా! పైకి స్పీడు పెరిగినట్టే వినిపిస్తుంది, లోపల పిస్టన్ గీసుకుపోయి పట్టేస్తుంది. ఆకురాయితో పోయేదానికి సిలిండర్ కిట్ కొనాలన్నమాట.

చాలా రంపాలు ఐడిల్‌లో 2,800 ఆర్‌పీఎం దగ్గర, ఖాళీగా ఫుల్ త్రాటిల్‌లో 12,000 పైన తిరుగుతాయి. మీ మోడల్ లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. ఐడిల్‌లో చెయిన్ కదలకూడదు. కోసేటప్పుడు మాత్రం ఫుల్ త్రాటిలే.

ఇక సాన. ఇంజిన్ ఆపి, గ్లవ్స్ వేసుకోండి. 0.325 పిచ్ చెయిన్‌కి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, మామూలుగా 30 డిగ్రీల కోణం. పంటి లోపలి నుంచి బయటికి తొయ్యాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తెయ్యాలి. అన్ని పళ్లకీ ఒకే లెక్క, లేకపోతే కోత ఒకవైపుకి వంకరపోతుంది.

జామాయిల్ దుంగ కోస్తూ చివర్లో చెయిన్ మట్టికి తగిలితే, పెట్టిన సానంతా వృథా. దుంగ కింద ఒక చెక్క దూర్చుకోండి.