చీలమండలోని యొక చిన్న యెముక

మన రాజంపేటలో చింతచెట్టునుండి పడిన బాలుని చీలమండ వాచినచో, బెణికినదనియే తలంతుము. ఒక్కొక్కప్పుడు లోపల టాలసు అను ఎముక విరిగియుండును. మడమయెముకకు మీదనుండు ఈ యెముకకు కండరము లేవియు అంటియుండవు. రక్తము చేరు త్రోవలును కొలదియే. విరిగి చోటు తప్పినచో రక్తము లేక యెముక చచ్చి, జీవితాంతము కుంటితనము కలుగవచ్చును.

ఇట్టి గాయము అరుదు. ఒక్క వైద్యుడు నలుగురైదుగురిని మాత్రమే చూచి చికిత్సను నిర్ణయించు టెట్లు? మొదటి ప్రపంచయుద్ధమున విమానములు కూలినపుడు చోదకులకు కలిగిన యిట్టి గాయములను 18 చేర్చి ఆండర్సను అను వైద్యుడు 1919లో వర్ణించెను. పిమ్మట బ్రిటిషు వైమానికదళమున ఎముకలు విరుగుట, కీళ్లు తప్పుట సుమారు 25,000 జరుగగా, వానిలో టాలసునకు తగిలినవి 228 మాత్రమే. వాని నన్నిటిని కోల్టార్టు 1952లో ఒక్కచో పరిశీలించెను. ఎముక తన చోటునుండి తొలగినకొలది అపాయము హెచ్చునని యిట్టి పరిశీలనములవలన స్థిరపడినది.

నేడు పెక్కు వైద్యశాలలు కూడి, ఒకే తీరు ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొని పోల్చుచున్నవి. ఒక యూరి రోగి వృత్తాంతము వేరొక యూరివాని పాదమును కాపాడును. కావున బాలురారా, చీలమండ వాచి అడుగు మోపలేకున్నచో, తోమించుటకును కట్టు కట్టించుటకును ముందే ఎక్సురే తీయింపుడు.