అరబీ రాకపోతే సిగ్గు వద్దు, సంతకం తొందరా వద్దు

ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మనవాళ్ల రూముల్లో తరచూ వినే మాట: "అన్నా, వచ్చి రెండేళ్లయింది, ఇంకా అరబీ రాలేదు. ఇక నా వల్ల కాదు." మీరూ అలాగే అనుకుంటున్నారా? బీకాం చదివిన నాకే మొదటి ఏడాదంతా 'కమ్' అంటే ఎంత, 'వేన్' అంటే ఎక్కడ, అంతవరకే వచ్చింది.

తప్పు మీ బుర్రది కాదు. రూములో తెలుగు, సైటులో హిందీ. అరబీ మాట్లాడే పనే పడకపోతే ఎలా వస్తుంది? పైగా మీకు కొంత ముందే వచ్చు. తారీఖు, జవాబు, వకీలు, హాజరు అరబీ నుంచి మనకొచ్చిన మాటలే. 'హక్కు' కూడా!

రోజుకో మాట చాలు. సైటులో ఈజిప్టు, సూడాన్ వాళ్లుంటే వాళ్లతోనే వాడండి. ముందు ఈ మూడు పట్టుకోండి. 'రాతిబ్' అంటే జీతం. 'అల్ఫ్' అంటే వెయ్యి; 2021 మార్చి నుంచి ఇక్కడ కనీస మూల వేతనం 1000 రియాళ్లు. 'మా ఫహిమ్త్' అంటే నాకు అర్థం కాలేదు.

ఈ మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. 2004 నాటి కార్మిక చట్టం ప్రకారం ఒప్పందం అరబీలో ఉండాలి. అనువాదంలో తేడా ఉంటే అరబీలో రాసిందే చెల్లుతుంది. అందుకే కాగితం ముందు పెడితే తలూపకండి. 'మా ఫహిమ్త్' అనండి, తెలిసినవాళ్లతో చదివించుకోండి, ఆ తర్వాతే సంతకం.

భాష మెల్లగా వస్తుంది, రానివ్వండి. ఆ ఒక్క మాట మాత్రం ఈరోజే నేర్చుకోండి.